రొటేషన్ మాహాత్మ్యము

ఓనరు గారూ, మిమ్మల్ని మనసారా పొగడాలని చాలాకాలంగా ఉంది. లెక్కలు రాసేవాడు పొగుడుతున్నాడంటే జీతం పెంచమంటాడేమోనన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. ఆ భయం మీకు అక్కర్లేదు. నా జీతం కూడా రొటేషన్‌లోనే ఉందని నాకు తెలుసు.

మన ఆటోనగర్‌లో మీ అంత పనిమంతుడు లేడన్నది శత్రువులు కూడా ఒప్పుకునే మాట. లారీ ఛాసిస్ చుట్టూ ఒక్కసారి తిరిగి వచ్చి ఎన్ని షీట్లు పడతాయో, ఎంత చానెల్ లాగుతుందో, బండి ఏ రోజుకి గేటు దాటుతుందో చెప్పేస్తారు. వెల్డింగ్ చప్పుడు విని రాడ్డు నాసిరకమని పసిగడతారు. యాంగిల్ ముక్కని చేత్తో లేపి చూసి బరువు తక్కువుందని మీరంటే, కాటా వేసినవాడు నేలచూపులు చూశాడు. ఇంత కన్ను, ఇంత చెవి, ఇంత చెయ్యి ఉన్న మనిషికి పోయిన నెల లాభం వచ్చిందా నష్టం వచ్చిందా అన్న చిల్లర సంగతి కూడా తెలిసి ఉండాలని కోరడం అత్యాశ.

అసలు మీకు తెలియదని ఎవరన్నారు? సాయంత్రం దీపం పెట్టాక గల్లాపెట్టె తెరుస్తారు. నోట్లుంటే లాభం, లేకపోతే నష్టం. ఇంత సులువైన విద్యని పట్టుకుని లూకా పచోలీ అనే ఇటలీ సన్యాసి 1494లో వెనిస్‌లో ఎంత లావు పుస్తకం అచ్చు వేయించాడో! ప్రతి పద్దునీ రెండు చోట్ల రాయాలట, జమా ఖర్చూ సరిపోయేదాకా నిద్రపోకూడదట. సంసారం లేనివాడు, నిద్ర లేకపోయినా సరిపోయింది. మీకు తొమ్మిదిన్నరకల్లా నిద్ర పడుతుంది. అది లెక్కలు చూడనివారికి మాత్రమే దక్కే నిద్ర.

గల్లాపెట్టె సిద్ధాంతంలోని లోతు నాకు మొదట్లో అర్థం కాలేదు. మొన్న రెండు బండ్లకి పార్టీలు అడ్వాన్సు ఇచ్చినప్పుడు అర్థమైంది. ఆ బండ్లు ఇంకా షెడ్డులోకి రాలేదు, షీటు కొనలేదు, మేస్త్రీకి చెప్పలేదు. కానీ గల్లా నిండింది కాబట్టి ఆ నెల బ్రహ్మాండమైన లాభం వచ్చిందని మీరు తేల్చారు, ఇంటి మీద రెండో వాటాకి స్లాబు వేయించారు. తరవాతి నెల బండ్లు వచ్చాయి, షీటు కొనాలి, గల్లా ఖాళీ. ఆ నెల నష్టమన్నారు, మోడీ గారిని తిట్టారు. మూడో నెల కొత్త పార్టీ అడ్వాన్సుతో పాత పార్టీ బండికి షీటు కొన్నారు. ఇదే రొటేషన్. నిన్నటి బండి ఇవాళ్టి డబ్బుతో, ఇవాళ్టి బండి రేపటి డబ్బుతో నడుస్తుంది. రేపు ఎవరూ రాకపోతే ఏమవుతుందని అడిగే అశుభం మనుషుల్ని మీరు గుమ్మంలోకి రానివ్వరు.

పాల్వంచ తహసీల్దారుగా ఉన్న కంచెర్ల గోపన్న కూడా ఇలాగే చేతిలో ఉన్న సర్కారు శిస్తుతో భద్రాచలంలో గుడి కట్టించి గోల్కొండ ఖైదులో పడ్డాడు. ఆయన కట్టింది దేవుడికి, మీరు కట్టింది రెండో వాటా. పోనివ్వండి, వాస్తు రెండింటికీ ఉంది. చెప్పుకోవలసింది ఆ కథలో చివరి ఘట్టం. రాముడు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చి, రామమాడలు కుప్పపోసి, బాకీ తీరినట్టు తానీషా దగ్గర రసీదు పుచ్చుకున్నాడంటారు. అంతటివాడు రసీదు లేకుండా కదల్లేదు. మీరేమో పక్క వీధి పెయింటు షాపాయనకి మూడు లక్షలు చేబదులు ఇచ్చి, నేను కాగితం తీసుకొస్తే ‘మనవాడేనయ్యా’ అని చింపించారు. నమ్మకంలో మీరు ఎవరిని మించిపోయారో నా నోటితో అనలేను.

మీ వ్యాపారానికి లెక్కలు లేవనేవాళ్ళ నోట్లో మన్ను. ఒకటి కాదు, మూడు జతలున్నాయి. మొదటిది బ్యాంకుకి చూపేది. అందులో మనం ఏటేటా ఎదుగుతుంటాం. చిన్న యూనిట్లకి వచ్చే ఏడు చేయబోయే టర్నోవరులో 20 శాతం వర్కింగ్ క్యాపిటల్‌గా ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు వేసిన నాయక్ కమిటీ ఒక సూత్రం చెప్పింది. మీరూ ఆడిటరు గారూ ఆ సూత్రాన్ని తిరగేశారు. ఎంత లిమిట్ కావాలో ముందు అనుకోవడం, దాన్ని ఐదుతో హెచ్చవేయడం, వచ్చినదాన్ని వచ్చే ఏడు టర్నోవరని రాసి ఇవ్వడం. సిద్ధాంతి గారు కూడా ఇంత కచ్చితంగా భవిష్యత్తు చెప్పలేరు. ప్రతి నెలా ఇచ్చే స్టాకు స్టేట్‌మెంటులో పెయింటు డబ్బాలు కొన్ని ఎప్పటినుంచో ఉన్నాయి. లోపల రంగు గడ్డకట్టింది, విలువ మాత్రం చెక్కు చెదరలేదు. ఆ డబ్బాల మీదే మనకి డ్రాయింగ్ పవర్, అంటే ఖాతాలోంచి డబ్బు తీసుకునే హక్కు, వస్తోంది.

రెండో జత పన్నువాళ్ళకి. అందులో మీరు నిరుపేద. చదువుతుంటే కళ్ళు చెమరుస్తాయి. జీఎస్టీ వచ్చాక ఈ రెండు జతలూ ఒకదాని మొహం ఒకటి చూసుకోవడం మొదలుపెట్టాయి కాబట్టి, ఇప్పుడు మొదటిదాంట్లో కొంచెం తగ్గి రెండోదాంట్లో కొంచెం పెరిగి మధ్యేమార్గం పట్టాం. మూడోది మీ బావమరిది గారికి. వాటాదారు కదా, ఉగాదికీ దసరాకీ వచ్చి అడుగుతారు. ఆ జతలో లాభం ఎప్పుడూ ‘రావలసి ఉంది’.

నాలుగో జత, అంటే మీకోసం మీరు చూసుకునేది కూడా ఒకటి ఉంటే బాగుండునని నాబోటి అల్పుడికి అనిపిస్తూంటుంది. కానీ త్యాగమూర్తులు తమకోసం ఏమీ ఉంచుకోరు. బ్యాంకు మేనేజరుకి తెలిసిన నిజం కొంత, ఆఫీసరుకి తెలిసింది కొంత, బావమరిదికి తెలిసింది కొంత. ఎవరికీ ఏమీ తెలియనివ్వకుండా చేసే శ్రమలో మీకూ తెలియకుండా పోయింది.

పెద్ద పార్టీల పట్ల మీ ఔదార్యం గురించి విడిగా రాయాలి. మచ్చుకి ఒక బిల్లు తీసుకుంటాను. 10 లక్షల పని. సరుకూ కూలీ కలిపి మనకి 9 లక్షల 20 వేలు అయింది, కాబట్టి 80 వేలు మిగులుతుందని మీరు ముందే చెప్పారు. తప్పు పోలేదు, పనిలో మీ అంచనా ఎప్పుడూ తప్పు పోదు. దాని మీద 18 శాతం జీఎస్టీ, లక్షా 80 వేలు. పార్టీ డబ్బిచ్చినా ఇవ్వకపోయినా తరవాతి నెల 20కి రిటర్ను వేసి పన్ను కట్టాలి. అంటే మన చేతి నుంచి కదిలింది 11 లక్షలు. అది మీరు నూటికి రెండు రూపాయల వడ్డీకి నోటు రాసి తెచ్చారు. పార్టీ ‘చూద్దాం, చూద్దాం’ అంటూ ఐదు నెలలకి చెక్కు ఇచ్చాడు. వడ్డీ లక్షా 10 వేలు. మిగలాల్సిన 80 వేలూ పోగా ఇంకో 30 వేలు మీరే ఎదురిచ్చి అతని లారీకి బాడీ కట్టిపెట్టారన్నమాట. చెక్కు పట్టుకొచ్చిన గుమాస్తాకి కాఫీ ఇప్పించి, దసరాకి వాళ్ళ ఓనరు ఇంటికి స్వీట్లు పంపించారు. కర్ణుడు కవచకుండలాలు అడిగితే ఇచ్చాడు. అడక్కుండా, అప్పు తెచ్చి మరీ ఇవ్వడం మీతోనే మొదలు.

దీనికి చట్టం ఉందని ఒకసారి గుర్తు చేశాను. చిన్న పరిశ్రమల కోసం 2006లో చేసిందే. రాతపూర్వకంగా గడువు పెట్టుకుంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజులు, ఏమీ రాసుకోకపోతే 15 రోజుల్లో సరుకు తీసుకున్నవాడు డబ్బివ్వాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. 2023లో ఆదాయపు పన్ను చట్టంలో ఇంకో మెలిక కూడా పెట్టారు. గడువులోగా చిన్న యూనిట్లకి డబ్బు చెల్లించని కొనుగోలుదారు, చెల్లించేదాకా ఆ మొత్తాన్ని తన పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోకూడదు. ఇదంతా మనకి వర్తించాలంటే చిన్న యూనిట్‌గా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండాలి. మనకి ఉంది. ఫ్రేము కట్టించి వినాయకుడి పటం పక్కన పెట్టాం, రోజూ దానికీ అగరుబత్తి తిప్పుతున్నాం. అంతకుమించి దాన్ని వాడితే అపచారం.

ఇక్కడ మీ పక్షాన ఒక మాట చెప్పకపోతే పాపం. ఫిర్యాదు చేసినవాడికి మళ్ళీ ఆర్డరు రాదని ఈ వీధిలో ప్రతివాడికీ తెలుసు, చట్టం రాసినవాళ్ళకి తప్ప. కానీ నేను అడిగింది ఫిర్యాదు కాదు. బిల్లు మీద ‘ఫలానా తేదీలోగా చెల్లించవలెను’ అని ఒక్క లైను అచ్చు వేయిద్దామన్నాను. ‘పార్టీ నొచ్చుకుంటాడయ్యా’ అన్నారు. ఆ దాక్షిణ్యానికి చేతులెత్తి మొక్కాను. నొచ్చుకోవడానికి మనం ఉన్నాం కదా.

వడ్డీల విషయంలో మీ వివేకం కూడా సామాన్యమైంది కాదు. సీసీ, అంటే క్యాష్ క్రెడిట్ ఖాతా మీద బ్యాంకు వడ్డీ పావు శాతం పెరిగిందని తెలిసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని బ్రాంచికి వెళ్ళి మేనేజరుని కడిగేసి వచ్చారు. అదే మధ్యాహ్నం డైలీ ఫైనాన్సు అబ్బాయి దగ్గర లక్ష రాసి 90 వేలు చేతికి తీసుకున్నారు, రోజుకి వెయ్యి చొప్పున వంద రోజులు కట్టే ఒప్పందం మీద. ‘నూటికి పదేగా’ అన్నారు నాతో, బ్యాంకుని ఓడించిన ఉత్సాహంలో. ఆ పది ఏడాదికి కాదు, వంద రోజులకి. ఆ 90 వేలూ వంద రోజులు మీ దగ్గర ఉండవు కూడా, మర్నాటినుంచే కరగడం మొదలవుతుంది, సగటున మీ చేతిలో ఉండేది అందులో సగం. లెక్క తేలిస్తే ఏడాదికి 75 శాతం దాటుతుంది. అయితే ఆ అబ్బాయి వచ్చినప్పుడల్లా మిమ్మల్ని ‘అన్నా’ అంటాడు. బ్యాంకు మేనేజరు అనడు. ఆ పిలుపు ఖరీదు లెక్కలోకి తీసుకోవడం నా పుస్తకానికి చేతకాలేదు.

బేరంలో కూడా అంతే. వందకి కొన్న స్పేరు పార్టు నూట పాతికకి అమ్మితే పాతిక శాతం లాభమంటారు. పార్టీ పది శాతం తగ్గించమంటే ‘పాతికలో పది పోతే పదిహేను, చాల్లే’ అని దర్జాగా ఒప్పుకుంటారు. పాతిక లెక్కేసింది వంద మీద. పది తగ్గేది నూట పాతిక మీద. పన్నెండున్నర పోయింది, పన్నెండున్నర మిగిలింది. సగం లాభం బల్ల దాటి వెళ్ళిపోతుంటే మీరు నవ్వుతూ సాగనంపారు.

ఖర్చుల విషయానికొస్తే మీ అంత పొదుపరిని చూడలేదు. షెడ్డు సొంతం కాబట్టి అద్దె లేదు. అమ్మగారు మధ్యాహ్నం వచ్చి కూలీలకి డబ్బులు పంచుతారు, ఆవిడకి జీతం లేదు. అబ్బాయి కొటేషన్లు టైపు చేస్తాడు, అతనికీ లేదు. ఉదయం ఏడింటినుంచి రాత్రి ఎనిమిదింటిదాకా ఉండే మీకు అసలే లేదు. బెండింగ్ మిషను ‘ఎప్పుడో డబ్బు రాబట్టేసింది’, కాబట్టి దానికి తరుగుదల లేదు. తరుగుదల ఆడిటరు గారి కాగితంలోనే ఉంటుంది, మిషనుకి ఉండదు. మిషను విరిగిననాడు అది గ్రహచారం పద్దులోకి వెళుతుంది. అన్నీ పోగా మిగిలింది లాభమని లోకులంటారు. ఏదీ పోకుండానే మిగిలింది లాభమన్నది మీరు కనిపెట్టిన సూత్రం. షెడ్డు అద్దెకిచ్చి, మీరూ అబ్బాయీ పక్క యూనిట్‌లో జీతానికి చేరితే ఇంతకంటే ఎక్కువ వస్తుందేమోనని ఒకనాడు కాగితం మీద వేసి చూశాను. వచ్చిన అంకె మీకు చూపించే ధైర్యం లేక కాగితం దాచేశాను.

అలాగని మీరు సలహాలు తీసుకోరని అంటే అబద్ధం. పోయిన ఏడు వరసగా చేతులు కాలినప్పుడు వాస్తు పండితుణ్ణి పిలిపించారు. ఆయన ఈశాన్యంలో బరువు ఉందన్నారు. నిజమే, మనం రావలసిన బిల్లుల ఫైళ్ళన్నీ ఆ మూలే పెట్టాం. ఫైళ్ళు నైరుతికి మార్చాం, గేటు రెండడుగులు జరిపించాం, ఆ ఖర్చు నా ఏడాది జీతాన్ని దాటింది. పార్టీలు ఇప్పుడు కొత్త గేటులోంచి వచ్చి పాత మాటే చెప్పి వెళుతున్నారు.

మీ వంటివారి మీద పరిశోధనలు కూడా జరుగుతున్నాయి. ముంబై దగ్గర తారాపూర్, ఉంబర్‌గావ్ ప్రాంతాల బట్టల మిల్లుల్లో నికోలస్ బ్లూమ్, మరికొందరు ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం చేశారు. కన్సల్టెంట్లని పంపి సరుకు నిల్వ రాసుకోవడం, లోపాలు ఎక్కడొస్తున్నాయో నమోదు చేయడం, మిషను ఆగకముందే చూసుకోవడం వంటివి నేర్పించారు. మొదటి ఏడాదే ఉత్పాదకత 17 శాతం పెరిగిందని 2013లో ప్రకటించారు. అంత తేలిక పనులు ఆ ఓనర్లు అంతకుముందు ఎందుకు చేయలేదయ్యా అంటే, వాటివల్ల ఒరిగేదేమీ లేదనుకున్నారట. మీ ఆలోచనే. గొప్పవాళ్ళంతా ఒకేలా ఆలోచిస్తారు.

డొమినికన్ రిపబ్లిక్‌లో చేసిన ఇంకో ప్రయోగం మీకు మరింత నచ్చుతుంది. చిన్న వ్యాపారుల్లో కొందరికి పద్ధతిగా అకౌంటింగ్ పాఠాలు చెప్పారు. ఇంకొందరికి నాలుగు మోటు సూత్రాలు చెప్పి పంపించారు, ఇంటి డబ్బూ వ్యాపారం డబ్బూ ఒకచోట పెట్టొద్దు, వేరే సొరుగులో పెట్టుకోండి వంటివి. పాఠాలు విన్నవాళ్ళలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. సొరుగులు విడదీసినవాళ్ళ లెక్కలు బాగుపడ్డాయి. అంటే ఆర్థిక అక్షరాస్యత పేరిట హోటలు హాల్లో శిక్షణ ఇచ్చి, ఒక బ్యాగూ ప్యాడూ సర్టిఫికెట్టూ చేతిలో పెట్టి, గ్రూపు ఫొటో తీసి పంపేవారికీ మీకూ ఈ ఫలితంలో సమానంగా వాటా ఉంది. ఆ మధ్య మిమ్మల్ని అలాంటి శిక్షణకే తీసుకెళ్ళారు. ఫండ్స్ ఫ్లో స్టేట్‌మెంటు దగ్గరికి వచ్చేసరికి మీరు కునుకు తీశారని విన్నాను. వెల్డింగ్ చప్పుడులో నాసిరకం రాడ్డుని పట్టుకున్న చెవి అది, పనికిరాని చప్పుడుని వదిలేయడం దానికి తెలుసు. అంతమంది మేధావుల్లో ఒక్కరూ వచ్చి మీ గల్లాపెట్టె మధ్యలో ఒక చెక్క అడ్డం కొట్టిపోలేదు. ఆటోనగర్‌లో చెక్కకి కరువా?

ఒకసారి నేనే ఆ సాహసం చేశాను. గల్లాలో రెండు గడులు చేయించి, ఒకదాని మీద ‘ఇల్లు’ అనీ రెండోదాని మీద ‘షెడ్డు’ అనీ రాశాను. మీరు చూసి ముచ్చటపడ్డారు. సాయంత్రం అమ్మగారు చీటీ డబ్బుకి మనిషిని పంపితే ‘ఇల్లు’ గడిలో చాలక ‘షెడ్డు’లోంచి తీసిచ్చారు, చిల్లర ‘ఇల్లు’లో వేశారు. వారం తిరక్కుండా ఒక గడిలో జీడిపప్పు పొట్లం, ఇంకోదాంట్లో బీపీ మాత్రలు చేరాయి. డబ్బు మళ్ళీ చొక్కా జేబులోకి వచ్చింది. అక్కడైతే రొటేషన్‌కి అడ్డు ఉండదు.

అబ్బాయి కూడా మీ ఫోనులో ట్యాలీ వచ్చేట్టు చేసి, ఏ పార్టీ ఎన్ని రోజులుగా ఎంత బాకీనో రంగులు వేసి చూపించాడు. తొంభై రోజులు దాటినవన్నీ ఎరుపు. తెర మీద ఎరుపు తప్ప ఏమీ కనిపించలేదు. ‘ఈ రంగు కళ్ళకి మంచిది కాదురా, మార్చు’ అన్నారు. మార్చాడు. ఇప్పుడు బాకీలన్నీ పచ్చగా ఉన్నాయి.

పోతే, చిన్న మనవి. ఈ నెల 20 దగ్గరపడింది. కట్టాల్సిన జీఎస్టీ 2 లక్షల 14 వేలు. సీసీ ఖాతాలో లిమిట్ అంచుదాకా వచ్చేశాం, గల్లాలో ఇవాళ 11 వేల చిల్లర ఉంది. కరీంనగర్ పార్టీ ఫోను ఎత్తడం లేదు. పెయింటు షాపాయన ఊళ్ళో లేడట. డైలీ ఫైనాన్సు అబ్బాయి కింద బండి మీద కూర్చుని ఉన్నాడు, ‘అన్న ఉన్నాడా’ అని రెండుసార్లు అడిగాడు. పైకి పంపమంటారా?